అకీటా, అమెరికన్ అకీటా ఒకే కుక్క జాతా, రెండా?

కుక్క జాతుల్ని గుర్తించే ఏ క్లబ్బును అడుగుతారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఆ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ లెక్కలో రెండు, అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రధాన జాబితాలో మాత్రం ఒక్కటే: అకీటా.

మూలం జపాన్‌లోని అకీటా ప్రాంతమే. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఇవి దాదాపు అంతరించే స్థితికొచ్చాయి, మిగిలిన వాటిలో కొన్నిటికి జర్మన్ షెపర్డ్ రక్తం కలిసింది, యుద్ధం అయ్యాక అమెరికా సైనికులు ఇష్టపడి ఇంటికి పట్టుకెళ్లినవి ఎక్కువగా అలా కలిసిన భారీ రకాలే. జపాన్ వాళ్లేమో ఆ కలగలుపు పోగొట్టి పాత రూపం తెచ్చుకోవాలని పట్టుబట్టారు. పైగా 1974 నుంచి 1992 దాకా అమెరికా క్లబ్ జపాన్ నుంచి వచ్చే కుక్కల్ని రిజిస్టర్ చేసుకోలేదు, దాంతో దూరం ఇంకా పెరిగింది.

పక్కపక్కన నిలబెడితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. జపాన్‌ది సన్నగా, నక్క మొహంతో, బుగ్గల దగ్గర తెల్లగా ఉంటుంది. అమెరికాది ఎలుగుబంటి తల, బరువైన ఎముక, మూతి నల్లగా ఉన్నా ఫర్వాలేదు. జపాన్ ప్రమాణంలో ఆ నల్లమూతికి చోటే లేదు.

ఎఫ్‌సీఐ విడదీసినప్పుడు అమెరికా రకానికి పెట్టిన పేరు ‘గ్రేట్ జపనీస్ డాగ్’! జపాన్ వద్దనుకున్న రూపానికి జపాన్ పేరేంటో నాకైతే అర్థం కాలేదు. 2006లో అమెరికన్ అకీటాగా మార్చారు. అదే ఏడాది బ్రిటన్ క్లబ్ కూడా విడదీసింది, కానీ అక్కడ ఉత్త ‘అకీటా’ అంటే అమెరికాది, జపాన్‌ది ‘జపనీస్ అకీటా ఇను’. కాబట్టి కుక్కపిల్లను కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం మీద పేరొక్కటే కాదు, ఏ క్లబ్ కాగితమో కూడా చూడండి.