నీ విశ్వసేనలో ఒక్క గొడవా లేదేంటి?

తమ్ముడూ,

పంపిన నవల అధ్యాయాలన్నీ చదివాను. పరుగు బాగుంది, ఓడరేవు మీద దాడి సీన్ అయితే ఊపిరాడనివ్వలేదు. కానీ ముప్పై దేశాల సైన్యాన్ని ఒక్కచోట చేర్చావు కదా, అందులో ఒక్కడైనా "దీనికి మా ప్రభుత్వం ఒప్పుకోదు" అనడేంటి? పెళ్లింట్లో ఇద్దరు వియ్యంకులకే పొత్తు కుదరదు, నీ కమాండర్ చెయ్యి ఊపితే ముప్పై జెండాలూ ఒకేసారి కదిలిపోతున్నాయి.

1999 జూన్‌లో యూరప్‌లోని కొసావోలో జరిగింది చూడు. ప్రిస్టీనా విమానాశ్రయంలో నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) కంటే ముందే ఓ రెండు వందల మంది రష్యన్ సైనికులు దిగి కూర్చున్నారు. రన్‌వే మూసెయ్యమన్నాడు నాటో సేనాధిపతి, అమెరికన్ జనరల్ వెస్లీ క్లార్క్. ఆయన కింద పనిచేసే బ్రిటిష్ జనరల్ మైక్ జాక్సన్, మీకోసం మూడో ప్రపంచ యుద్ధం మొదలుపెట్టలేనని మొహం మీదే చెప్పేశాడు, లండన్ కూడా ఆయన వైపే నిలబడింది. అంతకుముందే జాక్సన్ ఆ రష్యన్ దళం జనరల్‌ని కలిసి, వానలో తన ఫ్లాస్క్‌లోని విస్కీ పంచుకున్నాడు. ఒక్క తూటా పేలలేదు, అయినా నీ పది పేలుళ్ల కంటే టెన్షన్ ఇందులోనే ఎక్కువుంది.

ఆఫ్ఘనిస్తాన్‌లో నాటో సేనలోనూ అంతే. ఏ దేశం షరతులు ఆ దేశానివి. జర్మన్లు మామూలుగా ఉత్తరం దాటి వచ్చేవాళ్లు కాదు. దక్షిణాన కాందహార్ దగ్గర ఒక దళం చిక్కుకుపోయి, పక్క దేశం హెలికాప్టర్ ఇంజన్ ఆన్ చేసుకుని కూడా తన రాజధాని నుంచి ఫోన్ కోసం ఆగిపోయిందనుకో... అధ్యాయం దానంతటదే రాసుకుంటుంది.

నీ హీరో హైదరాబాద్ కుర్రాడు, సరే, కానీ నాటోకి కమాండర్ ఎలా అయ్యాడయ్యా? మనది నాటోలో లేని దేశం. మనవాణ్నే పెట్టాలనుంటే ఐక్యరాజ్య సమితి శాంతి సేన నీలి టోపీ పెట్టు. 2000లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఆ దళానికి అధిపతి మన మేజర్ జనరల్ విజయ్ జెట్లీయే. కైలాహున్‌లో రెండు నెలలకు పైగా తిరుగుబాటుదారుల ముట్టడిలో ఉన్న మన గూర్ఖాల్ని జులైలో 'ఆపరేషన్ ఖుక్రీ'తో బయటికి తెచ్చారు, బ్రిటిష్ చినూక్ హెలికాప్టర్లు కూడా సాయం వచ్చాయి. అయితే నవలకి పనికొచ్చేది ఆ తర్వాతి కథ. అదే దళంలోని నైజీరియా అధికారులు వజ్రాల కోసం తిరుగుబాటుదారులతో కుమ్మక్కయ్యారని జెట్లీ రాసిన నోట్ బయటికి పొక్కింది. నైజీరియా మండిపడింది, సెప్టెంబర్‌లో ఇండియా తన దళాన్నే వెనక్కి తీసుకుంటానని ప్రకటించింది.

విలన్ల గురించి పెద్దగా చెప్పను. వాళ్లకి తూటాలు ఎవరు కొనిపెడుతున్నారో మాత్రం నీకు తెలిసుండాలి. సియెర్రా లియోన్‌లో అయితే వజ్రాలు లైబీరియా మీదుగా బయటికెళ్లేవి, ఆయుధాలు అదే దారిన లోపలికొచ్చేవి. నీ కథలో ఆ దారే లేదు.

ముందు ఏడో అధ్యాయం మళ్లీ రాసి పంపు. ఆ హెలికాప్టర్లు ఏ దేశానివో, వాటికి ఆయిల్ ఎవరి ఖర్చో ఈసారి తేల్చు.