ఇల్లు తాకట్టు పెట్టి అమ్మాయిని ఎమ్మెస్‌కు పంపాలా?

ప్రశ్న: మాది ఉద్దానం. మూడెకరాల జీడి, కొబ్బరి తోట మీదే బతుకు. అమ్మాయి బీఎస్సీ ఆనర్స్ కంప్యూటర్స్ చివరి ఏడాది. అమెరికాలో ఇన్ఫర్మేషన్ సైన్స్ ఎమ్మెస్ చేస్తానంటోంది. 40 లక్షలు కావాలి. శ్రీకాకుళంలోని ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు 11 శాతం వడ్డీకి ఇస్తానంది. ఇక్కడే ఎంసీఏ అయితే హాస్టల్‌తో కలిపి 3 లక్షలు. లైబ్రరీ సైన్స్ చేయించమని మా బావగారి మాట. ఏం చేయాలి?

జవాబు: నమస్కారమండీ. ముందు అప్పు సంగతే చూద్దాం. 40 లక్షలను రెండు విడతల్లో తీసుకున్నారనుకోండి. చదివే రెండేళ్లు, ఆపై వాయిదా మొదలయ్యేలోపు ఇచ్చే ఏడాది గడువు కలిపితే దాదాపు 11 లక్షల వడ్డీ చేరుతుంది. అప్పటికి అప్పు 51 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 70 వేలు. డాలర్ పెరిగితే చదువు ఖర్చుకు ఆ 40 లక్షలూ సరిపోవు.

అమ్మాయికి అక్కడే ఉద్యోగం వస్తే ఈ 70 వేలు పెద్ద బరువు కాదు. రాక తిరిగొస్తే? ఇక్కడ కొత్తగా చేరినవాళ్ల జీతం మొత్తం పెట్టినా వాయిదాకు చాలకపోవచ్చు. అప్పుడు ఆ భారం మీ తోట మీద పడుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఉద్దానాన్ని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, బ్యాంకు వాయిదా నెలనెలా వస్తుంది. నాకు టెన్షన్ అంతా ఇక్కడేనండీ.

ఇంకో మాట. ఇన్ఫర్మేషన్ సైన్స్ అనే పేరు కింద ఒక్కో యూనివర్సిటీ ఒక్కో చదువు చెబుతుంది. కొన్నిచోట్ల డేటా, సాఫ్ట్‌వేర్. కొన్నిచోట్ల గ్రంథాలయాలు, రికార్డుల నిర్వహణ. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితంలో కోర్సు కోడ్ ఉంటుంది, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల) జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఇన్ఫర్మేషన్ సైన్స్ కోడ్ 11.0401 ఆ జాబితాలో ఉంది. ఉంటే చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఏడాదికి తోడు ఇంకో రెండేళ్లు పనిచేయడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. లేకపోతే ఆ ఒక్క ఏడాదే. 51 లక్షల అప్పుకు ఒక ఏడాది ఎక్కడ సరిపోతుంది?

లైబ్రరీ సైన్స్ చవకే, బ్యాచిలర్స్ ఏడాది, మాస్టర్స్ ఏడాది. కాలేజీ లైబ్రేరియన్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులు, సాధారణంగా నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష కావాలి. పోస్టులు మాత్రం అరుదు. అమ్మాయికి పుస్తకాల మీద ఇష్టముంటే చేయనివ్వండి, బావగారి మాట మీద మాత్రం వద్దు.

నేనైతే ఎంసీఏ అంటాను. దాని ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయించండి. 4 లక్షల లోపు విద్యా రుణానికి సాధారణంగా తాకట్టు అడగరు. 3 లక్షలకు అదే 11 శాతం లెక్కన, మొదటి మూడేళ్ల వడ్డీ కూడా కలిపి ఐదేళ్లలో తీర్చేలా పెట్టుకున్నా వాయిదా నెలకు 8,300 దగ్గర ఉంటుంది, మొదటి జీతంలోంచే అమ్మాయి కట్టుకోగలదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫ్లెక్సీ మీద వేసిన పెద్ద ప్యాకేజీ చూడకండి. బ్యాచ్‌లో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, జీతాల వరుసలో మధ్యలో ఉన్న పిల్లకు ఎంత వచ్చింది అని అడగండి. పోయినేడు బయటికొచ్చిన నలుగురు పిల్లలతో మాట్లాడితే ఇంకా మంచిది.

అమ్మాయికి అమెరికా వద్దని చెప్పకండి. రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి, కొంత కూడబెట్టుకుని అప్పుడు వెళ్లొచ్చు. ఈలోపు ఏదైనా యూనివర్సిటీ ఫీజు మాఫీ చేసి అసిస్టెంట్‌షిప్ (చదువుతూనే యూనివర్సిటీలో జీతానికి పని) ఇస్తానంటే ఆ ఉత్తరం నాకు పంపండి, లెక్క మళ్లీ మొదటి నుంచి వేద్దాం.