అందరి ఇళ్లలో నెట్ లేనప్పుడు ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ న్యాయంగా నడపడం ఎలా?

ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటే పాఠం ఇంట్లో వినడం, అభ్యాసం తరగతిలో చేయడం. పాఠం ముందే అందాలి, అంతే. ఆన్‌లైన్‌లోనే అందాలని లేదు. 2007లో అమెరికాలోని కొలరాడోలో ఈ పద్ధతిని తమ తరగతుల్లో మొదలుపెట్టి ప్రాచుర్యంలోకి తెచ్చిన కెమిస్ట్రీ టీచర్లు జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ నెట్ లేని పిల్లలకు వీడియోలను డీవీడీల్లో ఇచ్చేవారు. ఇప్పుడు పెన్‌డ్రైవ్ చాలు.

10 నిమిషాల పాఠాన్ని 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఆడియోగా మారిస్తే సుమారు 5 ఎంబీనే. దానికి తోడు బొమ్మలున్న ఒక పేజీ ప్రింటు ఇవ్వండి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ రాత్రికిగానీ చేతికి రాని పిల్లలూ ఉంటారు, కాబట్టి రెండు మూడు రోజుల గడువు ఉండాలి. నాకు బాగా నచ్చేది, తరగతిలోనే ఒక మూల వీడియో చూసే ఏర్పాటు: కొందరు చూస్తుంటే మిగతావాళ్లు అభ్యాసం చేస్తారు, తర్వాత మారతారు.

వీడియో చూసినందుకు మాత్రం మార్కులు పెట్టకండి. ఎందుకు చూడలేదని అందరి ముందూ అడగకండి, పాపం.