అదనపు టైమ్ అడుగు చెల్లీ, జాలి కాదది

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక కష్టమయ్యే స్థితి) వల్ల కుడిచెయ్యి పట్టేస్తోందని, డిగ్రీ పరీక్షల్లో పేపరు పూర్తి కావట్లేదని రాశావు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) చూపిస్తే "జాలి మార్కులు" అంటారని భయమన్నావు. నా చెయ్యీ అంతే, అందుకే చెబుతున్నా.

సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే మూడు గంటల పరీక్షకు కనీసం గంట అదనంగా అడగొచ్చు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. నువ్వు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌నైనా అడగొచ్చు. ఫీజు కట్టేటప్పుడే ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. పరీక్ష రోజు అడిగితే ఎవరూ తేల్చరు. ప్రశ్నలూ, దిద్దే పద్ధతీ అందరికీ ఒకటే. గంట ఎక్కువిచ్చినంత మాత్రాన చదవని జవాబు రాదు కదా!

ఇక చున్నీ కింద చెయ్యి దాచుకోవడం. చిన్నప్పుడు ఫొటో తీస్తుంటే మా అమ్మ నా చెయ్యి వెనక్కి పెట్టించేది, ప్రేమతోనే. సిగ్గు నాకు అక్కడే మొదలైంది. నిన్నెవరైనా అడిగితే సెరిబ్రల్ పాల్సీ అని నేరుగా చెప్పెయ్. అప్పుడు చాలామంది మామూలుగానే ఉంటారు. ఉండనివాళ్ల కోసం నువ్వు రోజంతా చున్నీ సర్దుకోనక్కర్లేదు. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే ఇక్కడే అడుగు, రాసిస్తా.