చిల్లర్‌ను బీఎంఎస్‌కు కలిపే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, గచ్చిబౌలి వైపు ఆఫీసు భవనాల ఏసీ ప్లాంట్లు చూసే ఒక కాంట్రాక్టు సంస్థలో ట్రైనీగా చేరాడు. చిల్లర్ కంట్రోలర్‌ను బిల్డింగ్ ఆటోమేషన్ నెట్‌వర్క్‌కు కలిపే పనిలో వేశారు. రోజంతా కేబుల్ లాగడం, ల్యాప్‌టాప్‌లో అంకెలు చూడడం తప్ప నేర్చుకుంటున్నదేమీ లేదని, మానేసి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరతానని అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఇప్పుడే మానిపించవద్దని నా సలహా. మీ అబ్బాయిని వేసిన పని విద్యుత్తు, శీతలీకరణ, నెట్‌వర్కింగ్ మూడూ తెలిస్తే తప్ప సరిగా పూర్తికాని పని. ఈ మూడింటిలో ఏదో ఒకటి తెలిసినవారు చాలామంది దొరుకుతారు గానీ, మూడూ తెలిసినవారు తక్కువ. అయితే అతనితో ఆ పని నిజంగా చేయిస్తున్నారా, లేక కేబుల్ లాగడానికే వాడుకుంటున్నారా అన్నది తేల్చుకోవాలి. దానికి ముందు ఆ పనిలో ఏముందో మీకు కొంత తెలియాలి.

పెద్ద భవనాల్లో నీటిని సుమారు 7 డిగ్రీలకు చల్లబరచి పంపి, 12 డిగ్రీల దగ్గర తిరిగి తీసుకునే యంత్రమే చిల్లర్. కంప్రెసర్ ఎప్పుడు నడవాలి, పీడనం హద్దు దాటితే ఎప్పుడు ఆగిపోవాలి అన్నది దాని కంట్రోలరే నిర్ణయించుకుంటుంది. భవనంలోని యంత్రాలన్నింటినీ ఒకే చోట నుంచి చూసుకునే కంప్యూటర్ వ్యవస్థ బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) దానికి నడిచేందుకు అనుమతి ఇస్తుంది, నీటి ఉష్ణోగ్రతను నిర్దేశిస్తుంది, అలారాలను చదువుతుంది. ఈ మాటామంతీ ఎక్కువగా మోడ్‌బస్, బ్యాక్‌నెట్ అనే రెండు ప్రోటోకాళ్లలో, అంటే పరికరాలు మాట్లాడుకునే పద్ధతుల్లో, ఏదో ఒకదానిలో సాగుతుంది. మోడ్‌బస్‌ను మోడికాన్ సంస్థ 1979లో తెచ్చింది. బ్యాక్‌నెట్‌ను అమెరికాలోని శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే 1995లో ప్రమాణంగా వెలువరించింది. చాలా చిల్లర్లలో ఈ సౌకర్యానికి విడిగా ఒక కమ్యూనికేషన్ కార్డు కొనాలి. ఆర్డరులో అది రాయలేదన్న సంగతి తరచుగా కమిషనింగ్ రోజునే, అంటే యంత్రాన్ని మొదటిసారి నడిపి పరీక్షించే రోజునే, బయటపడుతుంది.

మీ అబ్బాయికి విసుగు పుట్టిస్తున్న అంకెల సంగతి చూద్దాం. చిల్లర్ ప్యానెల్ మీద 7.0 అని కనిపిస్తున్న ఉష్ణోగ్రత ల్యాప్‌టాప్‌లో 70 అని వస్తే యంత్రం చెడిపోయినట్టు కాదు. కంట్రోలర్‌లో ఒక్కో విలువను ఉంచే నంబరు గల గడిని రిజిస్టరు అంటారు; ఆ రిజిస్టరులో విలువను పదితో హెచ్చించి ఉంచారు, చదివేటప్పుడు పదితో భాగించాలి. తయారీదారు ఇచ్చిన పట్టికలో 40001 అని ఉన్న రిజిస్టరును కొన్ని సాఫ్ట్‌వేర్లలో సున్నాగా అడగాలి. ఒక్క అంకె తేడా వస్తే చల్లటి నీటి ఉష్ణోగ్రత ఉండాల్సిన చోట పక్క రిజిస్టరులోని మరేదో విలువ వచ్చి కూర్చుంటుంది, అది నమ్మదగినట్టుగానే కనిపిస్తుంది కూడా. ఒకే రకం చిల్లర్లు రెండు వస్తే ఫ్యాక్టరీలో పెట్టిన బ్యాక్‌నెట్ డివైస్ నంబరు రెండింటికీ ఒకటే ఉండవచ్చు, అప్పుడు స్క్రీన్ మీద ఒకటి కనిపిస్తే మరొకటి మాయమవుతుంది. ఈ సందేశాలను మోసే ఆర్‌ఎస్-485 రకం కేబుల్‌లో తీగలకు పెట్టే ఏ, బీ గుర్తులను తయారీదారులందరూ ఒకే విధంగా వాడరు; తీగను కొమ్మలుగా చీల్చకుండా ఒక పరికరం నుంచి మరో పరికరానికి వరుసగా తీసుకెళ్లి, రెండు చివర్లలో 120 ఓంల నిరోధకాన్ని పెట్టాలి. రెండు వైపులా బాడ్ రేటు (సందేశం వెళ్లే వేగం), ప్యారిటీ (తప్పులు పట్టే అమరిక) కలవకపోతే మిగిలినవన్నీ సరిగా ఉన్నా జవాబు రాదు. ఎక్కడ తప్పు జరిగిందో వరుసగా తేల్చుకుంటూ పోవడమే ఈ వృత్తిలోని నేర్పు, అది కేబుల్ దగ్గర నుంచే మొదలవుతుంది.

యంత్రం గురించి తెలియనివాడికి ఇక్కడ హద్దు త్వరగానే ఎదురవుతుంది. చిల్లర్ నడుస్తున్నట్టు చూపుతూ, వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ తేడా లేకపోతే అది కమ్యూనికేషన్ లోపమా, సెన్సర్ లోపమా, కంప్రెసర్ నిజంగా లోడ్ తీసుకోవడం లేదా అన్నది ప్లాంట్ రూములో తిరిగినవాడే చెప్పగలడు. నీరు పారకపోతే చిల్లర్‌ను ఆపే ఫ్లో స్విచ్‌ను నేరుగా తీగతోనే కంట్రోలర్‌కు కలపాలి గానీ నెట్‌వర్క్ మీద ఆధారపడకూడదన్న జాగ్రత్త కూడా అక్కడే అలవడుతుంది.

మన నగరంలో ఆర్థిక జిల్లా కార్యాలయాలకు, ఆసుపత్రులకు, డేటా సెంటర్లకు ఈ పని తప్పనిసరి. జీనోమ్ వ్యాలీలోని ఔషధ సంస్థలు ఉష్ణోగ్రత, తేమల నమోదులను తనిఖీలకు చూపించాలి కనుక అక్కడ దీని విలువ ఇంకా ఎక్కువ. అయితే మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో పోటీపడదు. ఆఫీసు వేళల్లో చిల్లర్ ఆపనివ్వరు కాబట్టి మార్పులు రాత్రిపూట, సెలవు రోజుల్లో చేయాల్సి వస్తుంది. భవనం అప్పగించే తేదీ దగ్గరపడితే ఆలస్యమంతా ఆటోమేషన్ వాళ్ల మీదకే తోస్తారు, ఎందుకంటే వాళ్ల పని అందరికంటే చివర వస్తుంది. వీటిని భరించే స్వభావం అతనికి ఉందా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

సూపర్‌వైజరును అతను మర్యాదగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి: చిల్లర్ పాయింట్ లిస్టు (బీఎంఎస్ చదవాల్సిన, పంపాల్సిన విలువల పట్టిక) తయారుచేసేటప్పుడు తనను పక్కన కూర్చోబెట్టుకుంటారా, తయారీదారు ఇంజనీరు కమిషనింగ్‌కు వచ్చిన రోజున తనను పంపుతారా, సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ తన చేతికి ఎప్పుడు ఇస్తారు. మరో మూడు నాలుగు నెలలు గడిచినా కేబుల్ పనే చేయిస్తుంటే సంస్థను మార్చాలి, రంగాన్ని కాదు. ఈలోగా ఇంట్లో ఒక యూఎస్‌బీ–ఆర్‌ఎస్-485 కన్వర్టర్, ఉచితంగా దొరికే మోడ్‌బస్ సిమ్యులేటర్, బ్యాక్‌నెట్ సందేశాలను విడమరచి చూపే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని సాధన చేయవచ్చు. శీతలీకరణ నిపుణుల సంఘమైన ఇష్రేకు హైదరాబాద్ శాఖ ఉంది; అక్కడి ప్రసంగాలకు వెళితే రంగంలో ఉన్నవారు పరిచయమవుతారు. ఖరీదైన సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం ఇప్పుడే డబ్బు కట్టకండి; ఒకటి రెండు ప్రాజెక్టులు చేశాక సంస్థే పంపితే వాటి ప్రయోజనం వేరుగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ మీద ఇష్టం నిజమైనదే అయితే దాన్ని చంపుకోనవసరం లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని తన సైటులోని చిల్లర్ డేటాతోనే ఒక చిన్న ప్రోగ్రామ్ రాయమనండి, సంస్థ అనుమతితో, విలువలను చదవడానికి మాత్రమే. నడుస్తున్న చిల్లర్‌కు ఆదేశాలు పంపే ప్రయోగాలు అసలు వద్దు. బీటెక్ చదవాలనుకుంటే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరే మార్గం డిప్లొమా వారికి ఎలాగూ ఉంది. ఆ ఆలోచన ఉంటే మాత్రం గణితం మరిచిపోకముందే ఆ పరీక్ష రాయడం మేలు.