ప్రయాణం అనగానే అమ్మ నీళ్లు తాగడం మానేస్తోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. బీపీ ఉంది, షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటుంది. మోకాలి మార్పిడి జరిగి మూడేళ్లయింది. వచ్చే నెలలో 14 గంటల విమాన ప్రయాణం ఉంది. దారిలో బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని ముందురోజు నుంచే నీళ్లు తగ్గించేస్తుంది, బీపీ మాత్ర కూడా వేసుకోదు. పోయినసారి దిగేసరికి పాదాలు బాగా వాచాయి. ఈసారి రానే రానంటోంది. తీసుకెళ్లొచ్చా?

జవాబు: తీసుకెళ్లొచ్చండి. మీరు రాసినదాంట్లో ప్రయాణం మానుకోవాల్సినంత సమస్య నాకు కనిపించలేదు. నాకు కంగారు పుట్టించింది ఆ నీళ్లు మానేయడమే. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామంది ఇలాగే చేస్తారు, పిల్లలకు ఇబ్బంది అవుతుందని అడిగేదాకా చెప్పరు కూడా. విమానం లోపలి గాలిలో తేమ సాధారణంగా 20 శాతం కూడా ఉండదు, పైగా వయసు పైబడ్డాక దాహం అంతగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గితే సీట్లోంచి లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, మార్పిడి చేసిన మోకాలితో అక్కడ పడిపోతే ఎంత కష్టమో మీకు తెలుసు.

అందుకే ముందు ఆ భయం పోగొట్టండి. బాత్రూమ్‌కి దగ్గరగా, నడవ పక్క సీటు ఇప్పుడే తీసుకోండి. వీల్‌చైర్ కావాలని విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు చెప్పండి, నడవగలిగినా సరే, పెద్ద విమానాశ్రయాల్లో నడక, క్యూలే సగం ఓపిక తినేస్తాయి. యూరిన్ ఆపుకోలేనేమోనన్న దిగులు ఉంటే ప్యాడ్ వాడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ మాట మీరే మెల్లగా చెప్పండి.

బీపీ మాత్ర సొంతంగా మానడం వద్దు. అందులో నీరు తీసే మందు ఉందేమో మీ డాక్టర్‌ని అడగండి, ఉంటే ఆ రోజుకి వేసుకునే వేళ మార్చమంటారేమో కనుక్కోండి. ఇన్సులిన్ విషయం కూడా అప్పుడే మాట్లాడాలి, ఎందుకంటే తూర్పుకు వెళ్తే రోజు చిన్నదవుతుంది, పడమరకు వెళ్తే పొడవవుతుంది, డోసు లెక్క దాన్నిబట్టి మారుతుంది. టికెట్ తీసుకెళ్లి బయల్దేరే, దిగే టైమ్‌లు చూపించండి. ఇన్సులిన్‌ను చెక్-ఇన్ లగేజీలో అస్సలు పెట్టొద్దు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టింది మళ్లీ కరిగినా పనికిరాదు. మందులన్నీ, మందుల పేర్లున్న చీటీ, షుగర్ చూసుకునే మెషిన్, షుగర్ పడిపోతే వేసుకోవడానికి గ్లూకోజ్ బిళ్లలు చేతి బ్యాగులోనే ఉండాలి.

ఇక కాళ్ల వాపు. గంటల తరబడి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే రెండు పాదాలూ వాచడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కానీ నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణంలోనైనా, అది బస్సైనా రైలైనా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం కాస్త పెరుగుతుంది. అరగంటకోసారి మడమలు పైకీ కిందికీ ఆడించమనండి, గంటా రెండు గంటలకోసారి చేయి పట్టుకుని నడిపించండి. ఇందుకోసమే దొరికే బిగుతు మేజోళ్లు (కంప్రెషన్ స్టాకింగ్స్) బాగానే పనిచేస్తాయి గానీ, షుగర్ వల్ల కాళ్లకు రక్తప్రసరణ తగ్గినవాళ్లకు అవే హాని చేస్తాయి, కాబట్టి కాళ్లు పరీక్ష చేయించాకే కొనండి. గడ్డకట్టకుండా ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ వేసేయమని ఎవరైనా చెబితే వినొద్దు. నిద్రమాత్ర కూడా వద్దు, మత్తులో కదలరు, లేచినప్పుడు తూలిపడతారు.

ఆపరేషన్ చేసిన మోకాలికి మెటల్ డిటెక్టర్ మోగుతుంది, చెకింగ్ దగ్గర ముందే చెప్పేస్తే సరిపోతుంది.

దిగాక ఒక్క కాలే వాచి పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇవి దిగిన వెంటనే కాకుండా కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు, అమ్మ మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని చెప్పకుండా ఊరుకోవచ్చు, అందుకే ఇంటికొచ్చాక కూడా మీరే రోజూ అడుగుతూ ఉండండి.