1828 తర్వాత ఇన్ నడిపినవాళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

ఇంగ్లండ్‌లో మీరు వెతుకుతున్న పల్లె ఇన్‌కు (బసా, మద్యమూ దొరికే సత్రానికి) 1828 దాకా లైసెన్సుదారుల పేర్లు దొరికి, తర్వాత ఆగిపోయాయన్నారు. అది మీ వెతుకులాటలో లోపం కాదండీ. 1753 చట్టం పెట్టించిన పూచీకత్తు రిజిస్టర్లకు (ఇన్ సక్రమంగా నడుపుతామని లైసెన్సుదారులు ఇచ్చిన హామీల పట్టీలకు) 1828 చట్టంతో నిర్బంధం పోయింది. లైసెన్సుల రిజిస్టరు మళ్లీ తప్పనిసరైంది 1872లో. ఈ 44 ఏళ్లను వేరే కాగితాలతో పూడ్చుకోవాలి.

ముందు టైథ్ మ్యాపు (చర్చికి కట్టే దశమభాగం పన్ను కోసం గీసిన భూముల మ్యాపు) చూడండి, మీ పారిష్‌కు, అంటే ఆ చర్చి పరిధిలోని ఊరికి, ఉంటే. 1836 చట్టం తర్వాత తయారైన ఈ మ్యాపులకు జతగా ఉండే పట్టీలో స్థలం యజమాని, అనుభవదారు పేర్లు విడివిడిగా ఉంటాయి. ఇదే అసలు కీలకం. ఇన్ నడిపే 'ల్యాండ్‌లార్డ్' చాలాసార్లు అద్దెదారే. భవనం ఏ బ్రూవరీదో, ఎస్టేటుదో అయ్యుంటుంది. ఇద్దర్నీ ఒకరనుకుంటే చరిత్రంతా తారుమారవుతుంది.

తర్వాత 1841 నుంచి 1871 దాకా నాలుగు సెన్సస్‌లు. 1841లో 15 దాటినవాళ్ల వయసును సాధారణంగా కింది ఐదుకు తగ్గించి రాశారు. 38 ఏళ్లాయన 35గా కనిపిస్తే వేరే మనిషనుకోకండి. వృత్తి 'రైతు' అనో 'కమ్మరి' అనో ఉన్నా వదలొద్దు, రెండు పనులూ చేసినవాళ్లు ఎందరో. భర్త పోతే లైసెన్సు భార్య పేరుకు మారడమూ మామూలే.

సెన్సస్‌ల మధ్య మారినవాళ్లకు పిగట్, కెల్లీ డైరెక్టరీలు (ఊరూరా వ్యాపారుల పేర్లు అచ్చేసిన పుస్తకాలు), స్థానిక పత్రికల్లో లైసెన్సు బదిలీ వార్తలు చూడండి. డైరెక్టరీ వివరాలు అచ్చయ్యేసరికే పాతబడి ఉండొచ్చు, దాని ఏడాదిని ఖాయం చేసుకోకండి.

ఒకవేళ అది 1830 తర్వాత తెరిచిన బీర్‌హౌస్ (బీరు అమ్మే చిన్న దుకాణం) అయితే, 1869 దాకా ఎక్సైజ్ లైసెన్సే సరిపోయేది. ఆ ఏళ్లకు, ఇన్‌లకు లైసెన్సిచ్చే మేజిస్ట్రేట్ల కాగితాల్లో వెతికి లాభం లేదు.